తీగ అందరిదీ.. బాధ్యత ఎవరిది?

* పాత మేడల్లో తరచూ మాయమవుతున్న టీవీ బొమ్మ
* లోపం ఒకచోట.. ఖర్చు మరోచోట
* పద్ధతిగా వెతికితే మరమ్మతు సులభమే

మచిలీపట్నం: కింది వాటా వారు ఇంటికి తాళం వేసి ఊరెళితే మేడమీది వాటాలో టీవీ ఆగిపోతుంది. వారు తిరిగివచ్చి తమ టీవీ పెట్టుకోగానే పైన కూడా బొమ్మ ప్రత్యక్షమవుతుంది. మధ్యలో రెండు రోజుల పాటు పైవాటా వారు మెకానిక్‌ను పిలిపించి, బాక్సు మార్పించి, డబ్బు చెల్లించి, చివరకు రోగమేమిటో తెలియకుండానే నయమైందని ఊరట చెందుతారు. అనేక కుటుంబాలు వాటాలుగా కాపురముంటున్న పాత భవనాల్లో ఇలాంటి అనుభవం అరుదేమీ కాదు.

బొమ్మ రాకపోతే టీవీ పాడైందనో, బాక్సు చెడిపోయిందనో, పక్కన లేచిన కొత్త అపార్ట్‌మెంటు అడ్డొస్తోందనో నిందించడం పరిపాటి. అయితే పరిస్థితిని లోతుగా విశ్లేషిస్తే లోపం చాలాసార్లు ఏ ఒక్క ఇంట్లోనూ ఉండదు. ఇళ్లన్నింటినీ కలిపే ఉమ్మడి తీగలో ఉంటుంది. ఆ తీగ అందరికీ అవసరమే. కానీ దానికి యజమాని లేడు. అసలు సమస్య సాంకేతికమైనది కాదు, బాధ్యతకు సంబంధించినది అనడానికి ఇదే కారణం.

దీని భారం ఎక్కువగా పడేది అద్దెకుండేవారి మీద, పింఛను మీద బతికే వృద్ధుల మీద, ఉచిత డిష్‌ను నమ్ముకున్న పేద కుటుంబాల మీద. పదుల రూపాయల్లో దొరికే కనెక్టరు మార్చాల్సిన చోట వేల రూపాయలు పోసి కొత్త టీవీ కొంటున్నవారూ ఉన్నారు. కొన్నాక కూడా బొమ్మ రాదు. అప్పుడు గానీ లోపం టీవీలో లేదన్న సంగతి బోధపడదు.

గడకర్ర నుంచి గొడుగు దాకా

మేడ మీద వెదురు గడకు అల్యూమినియం యాంటెన్నా కట్టి, ఒకరు డాబా మీద దాన్ని తిప్పుతుంటే మరొకరు కిటికీలోంచి ‘వచ్చింది, వచ్చింది.. అయ్యో, పోయింది’ అని కేకలు వేయడం 1980 దశకంలో పెరిగిన వారందరికీ గుర్తే. 1987లో ఆదివారం ఉదయం రామాయణం ధారావాహిక మొదలయ్యే వేళకు వీధివీధినా ఇదే సందడి. ఆనాటి భూతల ప్రసారాలు ట్రాన్స్‌మిటర్ స్తంభం నుంచి దాదాపు నేలకు సమాంతరంగా వచ్చేవి. దారిలో ఎత్తయిన భవనం ఉంటే తరంగాలు దానికి తగిలి మరో దారిలో ఆలస్యంగా చేరేవి. ఫలితంగా బొమ్మ వెనుక మరో నీడబొమ్మ కనిపించేది.

ఆ రోజులు ముగిశాయి. దూరదర్శన్ తన పాత అనలాగ్ భూతల ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దశలవారీగా మూసివేసింది. వ్యూహాత్మకంగా ముఖ్యమైన కొద్ది ప్రాంతాల్లో మాత్రమే వాటిని అట్టిపెట్టింది. కేబుల్ ప్రసారాలు సైతం దశలవారీగా డిజిటల్‌కు మారి, 2017 మార్చి నాటికి గ్రామీణ ప్రాంతాల గడువు కూడా పూర్తయింది. 2004 డిసెంబరులో 33 ఛానళ్లతో మొదలైన దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ నేడు డీడీ ఫ్రీ డిష్‌గా కొనసాగుతోంది. నెలవారీ చందా లేకుండా సప్తగిరి, యాదగిరి ఛానళ్లను, పాఠశాల విద్యార్థుల పాఠాల ఛానళ్లను అందిస్తున్నది ఇదే.

యాంటెన్నా పోయి గొడుగు వచ్చింది. కానీ డాబా నుంచి ఇంట్లోకి దిగే తీగ విషయంలో మాత్రం పాత అలవాట్లే మిగిలాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాత మేడకు పాత రోగాలు

రెండడుగుల మందాన సున్నంతో కట్టిన గోడలు, టేకు దూలాల మీద ఇటుక పరచి వేసిన గచ్చు, ఇరుకైన మెట్ల దారి.. ఇవి పాత మేడల సాధారణ స్వరూపం. వీటిని కట్టిన రోజుల్లో టీవీ లేదు. కాబట్టి తీగలకు గోడలో గొట్టం లేదు. తరం మారినప్పుడల్లా గోడ వెంబడి కొత్త తీగ వచ్చి చేరింది తప్ప పాతది తీసినవారు లేరు. మొదట యాంటెన్నా బల్లతీగ, ఆపై కేబుల్ తీగ, తర్వాత డిష్ తీగ, ఇప్పుడు ఇంటర్నెట్ తీగ. ఏది బతికి ఉన్నదో, ఏది చచ్చిన తీగో చెప్పగలిగేవారు ఉండరు. మొదట వేసిన మెకానిక్ ఊరు వదిలిపోయి ఉంటాడు. వేయించిన పెద్దాయన కాలం చేసి ఉంటాడు.

దీనికి తోడు సముద్రపు గాలి. ఉప్పు తేమ కలిసిన గాలికి ఇనుము, రాగి, అల్యూమినియం మూడూ త్వరగా చెడతాయి. మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఆరుబయట వదిలేసిన కనెక్టరు లోపల పచ్చటి చిలుము, తెల్లటి పొడి పేరుకుంటాయి. డిష్ తీగ నడుమ రాగి పోగు, దాని చుట్టూ తెల్లటి నురుగు వంటి పొర, దానిపై అల్లిక, అన్నింటికీ పైన నల్లటి తొడుగు ఉంటాయి. ఎండకు ఆ తొడుగు పగిలితే వాననీరు అల్లిక వెంట లోపలికి దిగుతుంది. పైకి తీగ చక్కగానే కనిపిస్తుంది. లోపల మాత్రం సిగ్నల్ దారిలోనే ఇంకిపోతుంది. వాన వెలిసి ఆకాశం తేటపడిన తర్వాత కూడా రెండు మూడు రోజులు బొమ్మ సరిగా రాకపోవడానికి కారణం ఇదే.

లెక్క తప్పేది ఇక్కడే

ఉదాహరణకు మూడంతస్తుల్లో ఎనిమిది వాటాలున్న ఒక భవనాన్ని తీసుకుందాం. డాబాపై ఒకే గొడుగు. అక్కడి నుంచి చివరి వాటాకు 40 మీటర్ల తీగ. మధ్యలో సిగ్నల్‌ను ఎనిమిది దారులుగా పంచే స్ప్లిటర్.

సిగ్నల్ తగ్గుదలను డెసిబెల్స్‌లో కొలుస్తారు. 3 డెసిబెల్స్ తగ్గితే శక్తి సగమవుతుంది. 10 తగ్గితే పదోవంతు మాత్రమే మిగులుతుంది. సాధారణంగా వాడే ఆర్‌జీ-6 రకం తీగ డిష్ పౌనఃపున్యాల వద్ద 100 మీటర్లకు పాతిక డెసిబెల్స్ వరకు మింగుతుంది. అంటే 40 మీటర్లకు దాదాపు 10 పోతాయి. ఎనిమిది దారుల స్ప్లిటర్ ఎంత మంచిదైనా కనీసం 9 డెసిబెల్స్ తగ్గించక తప్పదు. వాస్తవంలో 12 వరకు పోవడం సాధారణం. రెండూ కలిపితే 22. అంటే గొడుగు వద్ద బయలుదేరిన శక్తిలో చివరి వాటాకు చేరేది నూటయాభయ్యో వంతు కంటే తక్కువే.

అయినా భయపడనవసరం లేదు. ఈ మాత్రం తగ్గుదలను తట్టుకునేలానే బాక్సులు తయారవుతాయి. చిక్కు వచ్చేది ఆ తర్వాతే. తుప్పు పట్టిన రెండు అతుకులు, మేకుతో నొక్కేసిన చోట చితికిన తీగ, మధ్యలో ఎవరో తమ రెండో టీవీ కోసం చెప్పకుండా పెట్టుకున్న మరో స్ప్లిటర్.. ఇవన్నీ తలా కొంత తింటాయి. పై వాటాలకు బొమ్మ వస్తుంది, చివరి వాటా బలవుతుంది. విచిత్రమేమిటంటే ఫిర్యాదు చేసేది చివరి వాటా, తప్పు జరిగినది మొదటి వాటా.

డిజిటల్ ప్రసారాలతో మరో ఇబ్బంది ఉంది. పాత టీవీలో సిగ్నల్ తగ్గే కొద్దీ చుక్కలు పెరిగేవి. బొమ్మ పాడవుతున్నదని ముందే తెలిసేది. ఇప్పుడు అలా కాదు. ఒక హద్దు వరకు బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ హద్దు దాటగానే గళ్లుగళ్లుగా విడిపోయి ఒక్కసారిగా ఆగిపోతుంది. నిన్నటిదాకా బాగానే ఉంది కదా అన్న మాట నిజమే కావచ్చు. కానీ తీగ నెలల తరబడి చెడుతూ వచ్చి నిన్ననే హద్దు దాటిందన్నదీ అంతే నిజం.

బొమ్మ చెప్పే గుట్టు

వైద్యుడు నాడి చూసినట్లు ముందు లక్షణాలను చూడాలి. డాబా ఎక్కే ముందు ఇరుగుపొరుగు వాటాల్లో విచారిస్తే సగం పని పూర్తవుతుంది.

భవనంలో అందరికీ ఒకేసారి ఆగిపోతే లోపం డాబాపై ఉన్నట్లు. గొడుగు కదిలి ఉండాలి, లేదా దాని ముందుండే ఎల్‌ఎన్‌బీ చెడి ఉండాలి, లేదా ప్రధాన తీగ తెగి ఉండాలి. ఒకే వరుసలోని వాటాలకు మాత్రమే రాకపోతే ఆ వరుసకు వెళ్లే శాఖ తీగను, దాని మొదట్లోని స్ప్లిటర్‌ను అనుమానించాలి. ఒక్క ఇంట్లోనే రాకపోతే ఆ ఇంటి కనెక్టరు, గోడ సాకెట్టు, బాక్సు చూడాలి.

కొన్ని ఛానళ్లు మాత్రమే పోతే అది మరో రకం. డిష్ ప్రసారాల్లో నిలువు, అడ్డం అనే రెండు రకాల తరంగాలను వాడతారు. ఏది కావాలో బాక్సు తీగ ద్వారా 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు పంపి ఎల్‌ఎన్‌బీకి తెలియజేస్తుంది. రెండు రకాల తరంగాలనూ వాడే సేవలో ఒకే ఎల్‌ఎన్‌బీకి మామూలు స్ప్లిటర్‌తో రెండు బాక్సులు తగిలిస్తే, ఒక ఇంటివారు ఛానల్ మార్చినప్పుడు మరో ఇంటి బొమ్మ ఎగిరిపోతుంది. ఇరుగుపొరుగు తగవులకు ఇదొక కారణమంటే అతిశయోక్తి కాదు.

మొదట చెప్పిన వింతకు సమాధానమూ ఇక్కడే ఉంది. ఎల్‌ఎన్‌బీకి ప్రత్యేకంగా కరెంటు ఉండదు. బాక్సు నుంచి తీగ ద్వారా వెళ్లే విద్యుత్తే దానికి ఆధారం. కొన్ని స్ప్లిటర్లలో ఒక్క దారి మాత్రమే ఈ విద్యుత్తును పైకి పంపనిస్తుంది. ఆ దారి కింది వాటాది అయితే భవనమంతటికీ కరెంటు అందిస్తున్నది కింది వాటా బాక్సే. వారు మెయిన్ ఆపి ఊరెళితే ఎల్‌ఎన్‌బీ నిద్రపోతుంది. కేబుల్ ఉన్న భవనాల్లో ఆంప్లిఫయర్‌ను ఎవరో ఒకరి ఇంటి ప్లగ్గుకు తగిలించినప్పుడూ ఇదే జరుగుతుంది. కొత్త బాక్సుతో ఈ లోపం నయం కాదు.

ఇక మార్చి రెండో వారంలో, సెప్టెంబరు చివరి రోజుల్లో మధ్యాహ్నానికి ముందు కొన్ని నిమిషాల పాటు బొమ్మ చెదిరి తనంతట తానే కుదురుకుంటే కంగారు పడనవసరం లేదు. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. సూర్యుని నుంచి వచ్చే రేడియో తరంగాలు గొడుగును ముంచెత్తుతాయి. దీనికి మరమ్మతు లేదు, అవసరమూ లేదు.

సగం సగంగా వెతకాలి

లక్షణాలు తేలాక వెతుకులాట మొదలవ్వాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. కనిపించిన ప్రతి అతుకునూ కదిపి, ప్రతి తీగనూ లాగి చూస్తారు. దాంతో ఒక లోపం మూడవుతుంది.

సులువైన పద్ధతి ఒకటుంది. బాగా పనిచేస్తున్నట్లు తెలిసిన బాక్సును, చిన్న టీవీని డాబా మీదకు తీసుకెళ్లి రెండు మీటర్ల మంచి తీగతో నేరుగా ఎల్‌ఎన్‌బీకి తగిలించాలి. బొమ్మ చక్కగా వస్తే గొడుగు నిర్దోషి. లోపం కిందనే ఉంది. తర్వాత దారికి సరిగ్గా నడుమనున్న అతుకు వద్ద పరీక్షించాలి. అక్కడ వస్తే లోపం దిగువ సగంలో, రాకపోతే ఎగువ సగంలో. మళ్లీ ఆ సగంలో సగం. ఎనిమిది అతుకులున్న దారిలో మూడు పరీక్షలతో చెడిన అతుకు దొరికిపోతుంది. వరుసగా చూసుకుంటూ వెళితే ఎనిమిదీ విప్పాల్సి రావచ్చు.

పరీక్షకు ఖరీదైన మీటరు లేకున్నా ఇబ్బంది లేదు. బాక్సు మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు గీతలు కనిపిస్తాయి. చూడాల్సింది నాణ్యతను. బలం నిండుగా ఉండి నాణ్యత సున్నా అయితే గొడుగు వేరే దిక్కుకు చూస్తున్నదనో, తీగలో సిగ్నల్‌కు బదులు రొద మాత్రమే ప్రవహిస్తున్నదనో అర్థం. ప్రతి పరీక్ష వద్దా ఆ రెండు అంకెలనూ కాగితం మీద రాసుకుంటే ఎక్కడ పడిపోయిందో కంటికి కడుతుంది.

చూపు ఆగ్నేయం వైపు

పక్క భవనం అడ్డొస్తోందన్న మాట తరచూ వినిపిస్తుంది. యాంటెన్నాల కాలంలో అది నిజం. గొడుగు విషయంలో చాలావరకు నిజం కాదు. ఫ్రీ డిష్ ప్రసారాలు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, ఆకాశంలో 60 డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తికి దగ్గరగా.

కోస్తా జిల్లాల్లో ఈ ఎత్తు సుమారు 65 డిగ్రీలు. ఈ లెక్కన గొడుగు కంటే 10 మీటర్లు ఎత్తయిన గోడ అడ్డు రావాలంటే అది సరిగ్గా ఆగ్నేయ దిక్కున 5 మీటర్ల లోపు ఉండాలి. వీధి అవతలి అపార్ట్‌మెంటు అంత దగ్గరగా ఉండదు. నిజంగా అడ్డొచ్చేవి సొంత డాబాపై పెట్టుకున్న నీళ్ల ట్యాంకు, పెరట్లో ఎదిగిన కొబ్బరిచెట్టు. గాలి వీచినప్పుడు మాత్రమే బొమ్మ ఆగుతుంటే కొబ్బరి మట్టలను చూడాలి, లేదా వదులైన గొడుగు బోల్టులను.

మరో సంగతి. మామూలు డిష్ గొడుగు పైకి చూస్తున్నట్లు కనిపించదు. దాని నిర్మాణం వల్ల, అసలు దిశ కంటే 20 డిగ్రీలకు పైగా నిటారుగా నిలబడినట్లు అగుపిస్తుంది. తెలియనివారు సరిచేద్దామని మరింత పైకెత్తి ఉన్న బొమ్మనూ పోగొట్టుకుంటున్నారు.

బూస్టరు అన్నింటికీ మందు కాదు

బొమ్మ రాలేదనగానే బూస్టరు పెట్టమని సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. నీళ్లలో మురికి ఉంటే మోటారు పెద్దది పెట్టినంత మాత్రాన నీళ్లు శుభ్రపడవు. బూస్టరూ అంతే. వచ్చిన దాన్ని పెంచుతుంది. సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది. తీగ చివర, అంటే సిగ్నల్ చచ్చిన చోట బూస్టరు పెట్టడం వృథా. పెట్టాల్సి వస్తే సిగ్నల్ శుభ్రంగా ఉన్న డాబా దగ్గర, పంపకానికి ముందు పెట్టాలి. అదీ అతుకులన్నీ సరిచేసిన తర్వాతే. దగ్గరి వాటాలకు సిగ్నల్ మరీ ఎక్కువైనా బాక్సు తట్టుకోలేదన్నది గమనార్హం.

మరమ్మతు ఇలా

పాత మేడల్లో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి గొలుసుకట్టుగా తీగ లాగడం ఆనవాయితీ. ఒక ఇంట్లో ప్లగ్గు తీస్తే తర్వాతి ఇళ్లన్నీ చీకటే. దీనికి బదులు డాబా మెట్ల వద్ద నీడపట్టున ఒక పెట్టె బిగించి, అక్కడి నుంచి ప్రతి వాటాకు విడివిడిగా తీగ దించడం ఉత్తమం. ఎక్కువ బాక్సులుంటే రెండు లేదా నాలుగు దారుల ఎల్‌ఎన్‌బీ గానీ, మల్టీస్విచ్ గానీ అమర్చాలి. అప్పుడు ఒకరి ఛానల్ మార్పు మరొకరిని తాకదు. మల్టీస్విచ్‌కు, ఆంప్లిఫయర్‌కు కరెంటును మెట్ల దీపం వెలిగే ఉమ్మడి మీటరు నుంచే ఇవ్వాలి.

వేళ్లతో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులకు స్వస్తి చెప్పి, నొక్కి బిగించే రకం కనెక్టర్లు వాడాలి. ఆరుబయట ఉండేవాటిపై నీరు దిగని రబ్బరు టేపు చుట్టాలి. తీగ గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు ఇస్తే వాననీరు ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా రాలిపోతుంది. లోపలికి రాదు. వాడని స్ప్లిటర్ దారులను ఖాళీగా వదలకుండా 75 ఓమ్‌ల మూతలు బిగించాలి. లేకపోతే సిగ్నల్ అక్కడి నుంచి వెనక్కి తన్ని మిగతా వారిని ఇబ్బంది పెడుతుంది. చచ్చిన తీగలను తీసివేయాలి. బతికున్నవాటికి వాటా సంఖ్య రాసిన చీటీ కట్టాలి. పెట్టె మూత లోపల తీగల దారి పటం ఒకటి అతికిస్తే పదేళ్ల తర్వాత వచ్చే మెకానిక్ కూడా దీవిస్తాడు.

డాబాపై పొంచి ఉన్న ముప్పు

ఈ పనిలో బొమ్మ కంటే ప్రాణం ముఖ్యం. పాత మేడల పిట్టగోడలు పొట్టిగా, పెళుసుగా ఉంటాయి. వానకు నానిన గచ్చు, చెదలు తిన్న దూలాలు మనిషి బరువును మోస్తాయన్న నమ్మకం లేదు. ఇరుకు వీధుల్లో విద్యుత్ తీగలు మేడ వసారాకు చేతికందే దూరంలో వెళ్తుంటాయి. ఇనుప గొట్టాన్ని నిలబెట్టే ప్రయత్నంలో అది తీగలకు తగిలితే క్షణంలో ప్రాణం పోతుంది. కరెంటు తీగలు పడే దూరంలో గొట్టం ఎత్తరాదు. వాన కురుస్తున్నప్పుడు, ఒంటరిగా, చెప్పులు లేకుండా డాబా ఎక్కి గొడుగు తిప్పడం ప్రమాదంతో చెలగాటమే.

టీవీ వెనుక తీగ పట్టుకుంటే జివ్వుమంటున్నదని అంటే తేలికగా తీసుకోరాదు. ఎర్త్ సరిగా లేని పాత వైరింగులో ఒక ఇంటి లోపం డిష్ తీగ మీది అల్లిక ద్వారా ఎనిమిది ఇళ్లకూ పాకే అవకాశం ఉంది. ఇది టీవీ మెకానిక్ పని కాదు, ఎలక్ట్రీషియన్ పని. డిష్ గొట్టాన్నీ, పంపక పెట్టెనూ ఎర్త్ చేయించడం తప్పనిసరి. పిడుగు నేరుగా పడితే ఆ జాగ్రత్త కూడా పూర్తిగా కాపాడదు. అందుకే ఉరుముల వాన వచ్చే సూచన కనిపించగానే కరెంటు ప్లగ్గుతో పాటు డిష్ తీగనూ తీసివేయాలి.

తుపాను వేళ గొడుగును నమ్మలేం

తీర ప్రాంతంలో టీవీ వినోదం మాత్రమే కాదు. 1977 నవంబరులో దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను ఈ జిల్లా మరువలేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడూ ఊరూరా చెవులన్నీ వాతావరణ వార్తల వైపే. తుపానుల కదలికను పసిగట్టే వాతావరణ శాఖ రాడార్ మచిలీపట్నంలోనే ఉంది. అది చెప్పే కబురు పక్క వీధిలోని మేడకు చేరకపోతే ప్రయోజనమేమిటి?

ఇక్కడ ఒక నిజాన్ని అంగీకరించాలి. డిష్ తరంగాలను కుండపోత వాన మింగేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే గొడుగుపై ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. పాత పిట్టగోడకు రెండు మేకులతో కట్టిన గొడుగు ఊడి వీధిలో వెళ్లేవారి మీద పడవచ్చు. కనుక తుపాను కాలానికి ముందే బోల్టులు బిగించి, గొట్టాన్ని గట్టి ఆధారానికి అమర్చుకోవాలి. తుపాను తీరానికి చేరువవుతున్న గంటల్లో మాత్రం బ్యాటరీ రేడియో, ఛార్జింగ్ నిండిన ఫోను దగ్గరుంచుకోవడమే శ్రేయస్కరం. హెచ్చరికలను ముందు రోజుల్లో వినడానికి టీవీ, ఆ రాత్రికి రేడియో.

తీగకు యజమాని కావాలి

కేబుల్, డీటీహెచ్ చందాదారులు ఫిర్యాదు చేస్తే నమోదు సంఖ్య ఇవ్వాలని ట్రాయ్ 2017 నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంఖ్య అడిగి తీసుకోవడం చందాదారు హక్కు. ఫ్రీ డిష్‌కు చందా లేదు. గొడుగు, బాక్సు బజారులో ఎవరికివారు కొనుక్కున్నవే. కాబట్టి ఇంటికి వచ్చి చూసే కంపెనీ మెకానిక్కూ లేడు. ఉమ్మడి సదుపాయాల నిర్వహణ కోసం 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉన్నా, వారసుల మధ్య వాటాలై, అద్దెలకు పోయిన పాత మేడలు చాలావరకు ఆ చట్రంలో ఇమడవు. యజమాని వేరే ఊళ్లో ఉంటాడు. అద్దెకున్నవారు నేడో రేపో ఖాళీ చేసేవారే. ఉమ్మడి తీగ మీద డబ్బు ఎందుకు పెట్టాలన్నది ప్రతి ఒక్కరి ప్రశ్న. ఆ ప్రశ్నలోనే అందరి డబ్బూ పోతోంది.

నీళ్ల మోటారు చెడితే అందరూ కలిసి చందా వేసుకుంటారు. మెట్ల దీపం మాడితే ఎవరో ఒకరు మారుస్తారు. టీవీ తీగకూ ఇదే మర్యాద దక్కాలి. వాటాల వారంతా ఒకసారి కూర్చుని పంపక పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలో, ఏటా వానాకాలానికి ముందు ఎవరు మెకానిక్‌ను పిలవాలో, ఖర్చు ఎలా పంచుకోవాలో రాసుకుంటే చాలు. ఎనిమిది ఇళ్లు విడివిడిగా ఎనిమిది మార్లు పిలిపించే మెకానిక్‌కు ఇచ్చే డబ్బుతో భవనమంతటికీ కొత్త తీగ వేయించుకోవచ్చు. ఈసారి బొమ్మ ఆగినప్పుడు బాక్సు మార్చే ముందు పక్క వాటా తలుపు తట్టి ‘మీకు వస్తోందా?’ అని అడగడంతో ఆ పని మొదలవుతుంది.